ఎర్రదారం కట్టిన పది కాళ్ళు

ముప్పై నాలుగేళ్ళ అటవీ ఉద్యోగంలో పులుల్ని ఎన్నిసార్లు చూశావని అడిగితే చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. పేగుల్ని ఎన్నిసార్లు చూశావంటే మాత్రం మీరు అన్నం మానేసేదాకా చెప్పగలను. అందుకే మా ఆవిడ ఇంట్లో ఒక చట్టం చేసింది. కంచం ముందు కూర్చున్నప్పుడు నేను అడవి మాట ఎత్తకూడదు. ఎత్తితే ఆ పూట పెరుగు లేదు.

చోడవరంలో రిటైరై కూర్చున్నాక, కొత్తగా బీట్లలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొస్తుంటారు. ఇప్పుడు ఆడపిల్లలు కూడా చాలామంది చేరుతున్నారు, చూస్తే సంతోషంగా ఉంటుంది. ప్రమోషన్లు ఎలా వస్తాయో, ఫైలు ఎలా నడపాలో చెప్పేవాళ్ళు వాళ్ళకి బోలెడుమంది ఉన్నారు. నేను చెప్పే సంగతి ట్రైనింగులో చెప్పరు. వేటగాడు జంతువును కొట్టాక మాంసం పట్టుకుపోతాడు. పేగులు, తల, కాళ్ళు అక్కడే పారేస్తాడు. వాడు అటు తిరగ్గానే అడవిలో సగం జనాభా భోజనానికి బయల్దేరుతుంది. ఆ బంతి లేవకముందే మనం అక్కడికి చేరుకోవాలి. బీట్ ఉద్యోగమంటే నాకు తెలిసి అదే.

నేను మర్యాదగా పాడుచేసిన మొదటి కేసు

మాది కె.కోటపాడు దగ్గర వ్యవసాయ కుటుంబం. మా ఊళ్ళో పశువు చస్తే గొయ్యి తీసి పాతిపెట్టడం మర్యాద. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు నన్ను రోలుగుంట వైపు వేశారు. ఒకరోజు గెడ్డ ఒడ్డున అడవిపంది పేగులు కనిపించాయి. ఈగలు ముసురుతున్నాయి, ముక్కు పగిలే వాసన. నేను పక్క చేనులోంచి పార తెచ్చి, రెండు గంటలు చెమటోడ్చి గొయ్యి తీసి, అన్నీ అందులో వేసి, పైన రాళ్ళు పేర్చి, గెడ్డలో చేతులు కడుక్కుని, ఘనకార్యం చేసినవాడిలా తిరిగొచ్చాను.

మా వాచర్ నూకరాజు నాకంటే పదేళ్ళు పెద్ద. బడి మొహం చూసినవాడు కాదు. అంకెలు రాయడం రాదు, లెక్క కావాలంటే దారానికి ముడులేస్తాడు. నేను చెప్పిందంతా విని చుట్ట పక్కన పెట్టాడు.

"పాతేసేవా బాబూ?"

"శుభ్రంగా పాతేశాను."

"ఏటి పనది? బంతి సగంలో ఉండగా ఇస్తళ్ళు ఎత్తీసేవు. ఎవులొచ్చేరో, ఎంత తిన్నారో ఇంకెవుల్ని అడుగుతావు?"

మర్నాడు నా చేతనే ఆ గొయ్యి తవ్వించాడు. ఆ వాసన గురించి రాయను, మా ఆవిడ ఇది కూడా చదువుతుంది.

ఎవరి వంతు ఎప్పుడు

నూకరాజు నేర్పిన పాఠం నాకు ముప్పై ఏళ్ళు అన్నం పెట్టింది. ముందు కాకి వస్తుంది. దానికి కళ్ళంటే ఇష్టం. గద్ద వచ్చి పేగు ముక్క తన్నుకుపోతుంది. ఎండ బాగా ఎక్కాక ఉడుము నింపాదిగా వస్తుంది, అత్తారింటికొచ్చిన అల్లుడిలా దానికి తొందరేమీ ఉండదు. పొద్దు వాలాక నక్కలు. అడవిపంది కూడా వస్తుంది. చచ్చింది తన జాతిదేనని మొహమాటపడదు. అందరూ లేచాక, వారానికో పదిరోజులకో ఏదుపంది వచ్చి ఎముకలు కొరుక్కుంటుంది. చివరికి మిగిలేది ఒక్కటే, జంతువు పొట్టలో ఉన్న పచ్చిమేత ముద్ద. దాన్ని ఎవరూ ముట్టరు.

ఈ వరస తెలిస్తే గడియారం అక్కర్లేదు. కళ్ళు మాత్రమే పోయి పేగులు అలాగే ఉంటే వేటగాడు ఇంకా ఇంటికి చేరి ఉండడు. నక్క వచ్చి వెళ్ళిందంటే మాంసం ఇప్పటికే కూరై ఉంటుంది, పొయ్యి దగ్గరికి పరిగెత్తి లాభంలేదు. మేత ముద్ద ఎండిపోయి, ఎముక మీద గాట్లు కనిపిస్తే ఇంటికెళ్ళి పడుకోవచ్చు.

ఈ బంతిలో పెద్దలు రాబందులు. నూకరాజు చిన్నప్పుడు గుంపులుగా చూశాడట. నేను ఉద్యోగమంతా ఆకాశంలోకి చూసి మెడనొప్పి తెచ్చుకున్నానే గాని ఒక్కదాన్నీ చూడలేదు. అది మాత్రం నాకు నిజంగా బాధ.

ఒక జాగ్రత్త చెప్పాలి. పిండిముద్దలో మందుగుండు చుట్టి పందుల కోసం పెట్టేవాళ్ళున్నారు. వాటిని నక్కలూ కొరుకుతాయి, మేసే ఆవులూ కొరుకుతాయి. అలాంటి ముద్ద కనిపిస్తే చేత్తో గాని కర్రతో గాని కదపకండి, దూరంగా నిలబడి పోలీసుల్ని పిలవండి. ఆకలి తీర్చుకోడానికి ఉచ్చు వేసినవాడి మీద నాకు కోపం రావచ్చు, జాలి కూడా రావచ్చు. ఈ ముద్దలు పెట్టేవాడి మీద మాత్రం నాకు జాలి లేదు.

కొండలరావు పాకలో దొరికిన కాలు

ఇరవై ఏళ్ళ అనుభవం వచ్చాక మనిషికి కళ్ళు నెత్తికెక్కుతాయి. నాకూ ఎక్కాయి. అప్పుడు నేను దేవరాపల్లి వైపు సెక్షన్ చూస్తున్నాను. కొండ కింద జీడితోటల మధ్య కొండలరావు అనే అతను భార్య ముత్యాలుతో, ఇద్దరు పిల్లలతో ఉండేవాడు. ఒక ఉదయం అతని పశువుల పాక పక్కనుంచి వెళ్తుంటే గడ్డిలో ఏదో కనిపించింది. తీసి చూస్తే దుప్పి కాలు. మోకాలి దగ్గర కోసి ఉంది, గిట్ట అలాగే ఉంది.

దుప్పి కేసంటే చిన్నది కాదు, జైలు. అదీకాక అదే నెలలో కొండలరావుకి విశాఖలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం వచ్చింది. తన మీద ఏ కేసూ లేదని పోలీస్ స్టేషన్ నుంచి కాగితం పట్టుకెళ్తేనే చేర్చుకుంటారు. ఆ కుటుంబం రెండేళ్ళుగా ఆ ఉద్యోగం కోసం కాళ్ళరిగేలా తిరిగింది. అదంతా నాకు తెలుసు. తెలిసీ పంచనామా రాశాను.

ముత్యాలు చీపురు చేత్తోనే వచ్చి నా ముందు నిలబడింది.

"గార్డుబాబూ, అది మా నల్లోడు కొండమీంచి తెచ్చుంటాడు."

నల్లోడంటే వాళ్ళ కుక్క. అది నా బూట్లు వాసన చూస్తూ తోక ఊపుతోంది.

"కుక్క దుప్పిని కొట్టిందా?" అన్నాను.

"కొట్టిందని నాననలేదు. ఎవులో కొట్టి పారేసింది తెచ్చిందంతన్నాను. అయినా ఏ యెర్రోడు బాబూ, మాంసం అక్కడొగ్గేసి గిట్ట ఇంటికి తెచ్చుకుంటాడు?"

ఇప్పుడు చదువుతుంటే మీకు అర్థమవుతోంది కదా, ఆమె అడిగింది ఎంత సబబైన ప్రశ్నో. నాకు అప్పుడు అర్థం కాలేదు. నేరం చేసినవాళ్ళంతా కుక్క మీదకే తోస్తారని మా వాళ్ళ నమ్మకం. కొండలరావు చేత సంతకం పెట్టించుకుని వచ్చేశాను.

అప్పటికీ నాతోనే ఉన్న నూకరాజు ఆ కాలిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పళ్ళ గాట్లున్నాయి బాబూ. నీకు ఇరవై యేళ్ళ నుంచి బంతి గురించి సెప్తన్నాను. తిన్నోళ్ళు అక్కడే కూకుని తింతారని ఎవులు సెప్పేరు నీకు? మూట కట్టుకెళ్ళేవోళ్ళుండరేటి?"

కాలు దొరికినచోటే దోషి ఉన్నాడని నేను అనుకున్నాను. అడవిలో మిగిలిన ముక్కలు కాళ్ళొచ్చి నడుస్తాయని నాకు తెలియక కాదు. తెలిసినా, ఎదురుగా ఒక పాక, పాకలో ఒక పేదవాడు ఉంటే తెలివి అక్కడే ఆగిపోయింది.

ఆ సాయంత్రమే ఇద్దరం కొండెక్కాం. కాకులు చూపించిన దారిలో వెళ్తే గెడ్డ మలుపులో బూడిద, దుప్పి వెంట్రుకలు, ఎండుతున్న మేత ముద్ద కనిపించాయి. కొండలరావు ఇంటికి అక్కడినుంచి సుమారు రెండు కిలోమీటర్లు.

మా రేంజర్ గారు అప్పుడు ఆ కొండ కిందే ఉన్న మా నర్సరీలో క్యాంపు పెట్టారు. ఆయనకి కోపం ఎక్కువ, మొండితనం ఇంకా ఎక్కువ, అబద్ధం మాత్రం అసలు లేదు. అలాంటి ఆఫీసరు దొరికితే అదృష్టమనుకోండి, కాకపోతే చెవుల్లో దూది పెట్టుకోండి. నేను చెప్పింది విని ఆయన నవ్వారు.

"కుక్క రెండు కిలోమీటర్లు మోసుకొచ్చిందా? నిన్నటిదాకా నువ్వే కేసన్నావు, ఇవాళ నువ్వే ప్లీడరువయ్యావేంటయ్యా?"

"రుజువు చేస్తాను సార్. టైమివ్వండి."

"సోమవారం కోర్టుకి పంపిస్తాను. ఈలోగా నీ ఇష్టం."

అది మంగళవారం.

పులుసుకి పనికిరాని కాళ్ళు

బుధవారం పొద్దున్నే చోడవరం బజారులో బాషాభాయ్ మటన్ దుకాణానికి వెళ్ళాను. వాళ్ళది అనకాపల్లి. తండ్రి కాలం నుంచీ ఇక్కడే వ్యాపారం.

"పది మేకకాళ్ళు కావాలి భాయ్. కాల్చొద్దు."

"కాల్చకపోతే బొచ్చుతో పులుసెలా పెడతారు సార్?"

"పులుసుకి కాదు."

"మరి?"

"దారాలు కట్టి కొండ మీద పెడతాను."

ఆయన కత్తి దించి నన్ను కాసేపు చూశాడు. "ఒంట్లో బాగుందా సార్? మీ ఇంట్లో ఎవరైనా బాబాగారి దగ్గరికి ఎల్లమన్నారా?" అసలు విషయం చెప్పాక పడీ పడీ నవ్వి, పదకొండో కాలు కూడా ఇవ్వబోయాడు. నూకరాజుకి పది దాటితే ముడులు తప్పుతాయని చెప్పి వద్దన్నాను.

ఎర్ర నైలాన్ దారం కొన్నాం. నూకరాజు ఒక్కో కాలికి గిట్ట పైన నరం సందులోంచి దారం దూర్చి గట్టిగా బిగించాడు. మొదటిదానికి ఒక ముడి, రెండోదానికి రెండు, అలా పదోదానికి పది. పదీ తీసుకెళ్ళి ఆ గెడ్డ మలుపులోనే పారేసి వచ్చాం.

గురువారం వెళ్తే ఏడున్నాయి. శుక్రవారానికి ఒక్కటీ లేదు.

ఇక వెతుకులాట. శనివారం పొద్దున నక్కల బొరియ దగ్గర మూడు దొరికాయి. ఏదుపంది కన్నం ముందు రెండు, చక్కగా నగిషీ పని చేసినట్టు కొరికి ఉన్నాయి. ఒకటి చెరుకుతోటలో. ఒకటి కాలువ గట్టున. ఒకటి ప్రాథమిక పాఠశాల రేకుల మీద పడిందని మేడమ్ గారే కబురు పంపారు. ఎవరో చేతబడి చేశారని పిల్లలంతా బయటే నిలబడ్డారు. ఏ గద్దో జారవిడిచి ఉంటుంది. నూకరాజు రేకులెక్కి దాన్ని తీసి, ముడులు లెక్కపెట్టి, "భయపడకండర్రా, ఇది మా నాలుగో నంబరు" అన్నాడు.

ఐదు దారుల్లో కాళ్ళు ఎలా చెల్లాచెదురవుతాయో రుజువైంది గాని, కుక్క ఇంటికి తెస్తుందనడానికి ఒక్కటీ దొరకలేదు. ముత్యాలు వాళ్ళ పాక చుట్టూ రెండుసార్లు వెతికాం. నల్లోడు మా వెనకాలే తిరిగాడు తప్ప ఏమీ చూపించలేదు. ఆదివారం పొద్దుగూకేదాకా తిరిగి ఎనిమిదితో ఆగిపోయాం. కొండలరావు గుమ్మంలో కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు. ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

రాజా సాక్ష్యం

సోమవారం పొద్దున ఎనిమిది కాళ్ళూ గోనెసంచిలో వేసుకుని నూకరాజుతో నర్సరీకి వెళ్ళాను. రేంజర్ గారు వరండాలో టీ తాగుతున్నారు. కేసు కాగితాలు టేబుల్ మీద ఉన్నాయి, పెన్ను మూత తీసి ఉంది.

"చెప్పు ప్లీడరుగారూ."

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆయన మధ్యలోనే చెయ్యి ఎత్తారు. "నక్క, ఏదుపంది, గద్ద. అన్నీ ఒప్పుకున్నాను. కుక్క ఏదయ్యా? కొండలరావు ఇంట్లో నక్కని పెంచుతున్నాడా?"

తల దించుకున్నాను. దించుకోవడం మంచిదైంది. ఆయన కుర్చీ కింద ఆయన పెంపుడు కుక్క రాజా ముందుకాళ్ళ మధ్య ఏదో పెట్టుకుని తన్మయత్వంతో నములుతోంది. దాని నోటి పక్కనుంచి ఎర్రదారం వేలాడుతోంది.

నూకరాజే ముందు తేరుకుని చేతులు కట్టుకున్నాడు.

"బాబుగారూ, తమరు దుప్పిని ఎప్పుడు కొట్టేరు?"

కోపంతో ఆయన నోరు తెరుచుకుంది గాని, కిందకి చూశాక అలాగే ఉండిపోయింది. రాజా నోట్లోంచి ఆ కాలు లాక్కోడానికి ముగ్గురం కష్టపడాల్సి వచ్చింది. నూకరాజు ముడులు లెక్కపెట్టాడు. తొమ్మిది.

"మీరే తెచ్చి పడేశారా?" అని రేంజర్ గారు నెమ్మదిగా అడిగారు.

"నా పిల్లల మీద ఒట్టు సార్."

తోటమాలిని పిలిచారు. రాజా రోజూ తెల్లారకుండా ఊరకుక్కలతో కలిసి కొండెక్కుతోందని, అప్పుడప్పుడూ ఏవేవో తెస్తోందని, అయ్యగారికి కోపమొస్తుందని తానే పెంటకుప్పలో పారేస్తున్నానని అతను చెప్పాడు. రేంజర్ గారు కేసు కాగితాలు దగ్గరికి తీసుకుని, సాక్ష్యం చాలదని, కేసు మూసేయమని తన చేత్తోనే రాశారు. "లేకపోతే రెండో ముద్దాయిగా నా పేరు రాయాలి" అన్నారు. అప్పుడు నవ్వారు చూడండి, నర్సరీలో కూలీలంతా పని ఆపి చూశారు.

ఆ దుప్పిని అసలు కొట్టినవాడు మాత్రం మాకు దొరకలేదు. కథలో అయితే దొరుకుతాడు.

నేను సరాసరి కొండలరావు ఇంటికి వెళ్ళాను. కేసు లేదని, కాగితం తెచ్చుకోవచ్చని చెప్పాను. అతను నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. రాజా సంగతి చెబితే ముత్యాలు కూడా సంతోషిస్తుందనుకున్నాను. ఆమె చీపురు గోడకి ఆనించి నా మొహంలోకి చూసింది.

"అయితే బాబూ, మీ ఆఫీసరు కుక్క తెస్తే నమ్మేరు. నా కుక్క తెచ్చిందంటే నమ్మనేదు."

ఆ రోజు ఆ ఇంట్లో నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె అన్నదాంట్లో నేను తీసేయగలిగిన మాట ఒక్కటీ లేదు.

పదో కాలు

తర్వాత నాకు పద్నాలుగేళ్ళ సర్వీసు మిగిలింది. ఏది ఎక్కడ దొరికినా, అది అక్కడికి ఎలా వచ్చిందని అడగకుండా కాగితం మీద పెన్ను పెట్టలేదు. ఇంతకు మించి నేర్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మొన్న వేసవిలో ఫోను మోగింది. "గార్డుబాబూ, ముత్యాల్ని. ఒకపాలి మా ఇంటికొచ్చెళ్ళండి." ఇన్నేళ్ళలో ఆమె నాకు ఫోన్ చెయ్యడం అదే మొదటిసారి. మోటార్ సైకిల్ తీశాను.

కొండలరావు ఫ్యాక్టరీ ఉద్యోగంతో పిల్లలిద్దరినీ చదివించాడు. ఇప్పుడు పాత ఇల్లు తీసేసి కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు. పశువుల పాక ఉన్నచోట పిల్లర్లకి గోతులు తవ్వారు. ముత్యాలు జుట్టు నెరిసింది గాని చూపు మాత్రం అదే. రేకు పళ్ళెంలో ఏదో పెట్టి తెచ్చి నా చేతికిచ్చింది.

మట్టిపట్టిన సన్నటి ఎముక. గిట్ట పెంకు సగం ఊడిపోయింది. పైన వెలిసిపోయి గులాబిరంగుకి తిరిగిన నైలాన్ దారం.

"కూలోళ్ళు తవ్వతంటే బయటపడింది. లెక్కెట్టండి."

కళ్ళజోడు పెట్టుకుని లెక్కపెట్టాను. ఒకసారి తప్పింది. మళ్ళీ పెట్టాను. పది.

ఆవేళ మేము పాక చుట్టూ రెండుసార్లు తిరిగాం. నల్లోడు మా వెనకాలే తోక ఊపుకుంటూ తిరిగాడు. అప్పటికే దాన్ని మా కాళ్ళ కిందే గొయ్యి తీసి పాతిపెట్టుకున్నాడన్నమాట. మొదటి కేసులో నేను చేసిన పనే వాడూ చేశాడు.

నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ముత్యాలూ, తప్పు నాది. నీ కుక్క తెచ్చిందని నువ్వు మొదటిరోజే చెప్పావు" అన్నాను.

"నాకు కాదు. వాడికి సెప్పండి."

నల్లోడు పోయి చాలా ఏళ్ళయింది. పెరట్లో జీడిచెట్టు కింద పాతిపెట్టారట. వెళ్ళాను. అరవై దాటిన మనిషిని, గోతులు తవ్వే కూలీలంతా చూస్తుండగా, జీడిచెట్టు ముందు చేతులు కట్టుకుని నిలబడి, "నువ్వు చెప్పింది నిజమేరా, నేను నమ్మలేదు" అన్నాను. లోపల్నించి కొండలరావు నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నాడు.

తిరిగొచ్చేసరికి ముత్యాలు కుర్చీ వేసి, దాని మీద దుమ్ము కొంగుతో తుడుస్తోంది.

"కూకోండి బాబూ. టీ ఎడతాను."